కాండిల్ కడిగే రోజు

మా అమ్మాయి వాళ్ళుండేది అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరం శివార్లలో. కిందటిసారి వెళ్ళినప్పుడు ఓ ఆదివారం పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని పెరట్లోకి వచ్చానో లేదో, మా అల్లుడుగారు నిక్కరు వేసుకుని గడ్డిలో గొంతుక్కూర్చుని చీర కుచ్చిళ్ళు కడుగుతూ కనిపించారు!

కంగారు పడకండి. అది చీర కాదు. వాళ్ళింటి వెనకాల ఈతకొలను ఒకటుంది. ఆ నీళ్ళని వడగట్టే యంత్రంలో మనిషి చెయ్యంత పొడుగున్న తెల్లటి గొట్టం లాంటిది ఉంటుంది. దాన్ని కార్ట్రిడ్జి అంటారట. చుట్టూ గుడ్డ, ఆ గుడ్డకి సన్నసన్నటి కుచ్చిళ్ళు. పెళ్ళికూతురికి ముత్తయిదువలు పెట్టే కుచ్చిళ్ళు కూడా అంత పొందిగ్గా ఉండవు. ఆయన రబ్బరు గొట్టంతో నీళ్ళు చిమ్ముతూ, ఒక్కొక్క కుచ్చె విడదీసి, పైనుంచి కిందికి మురికి దింపుతున్నారు.

“ఎన్ని గజాల గుడ్డండీ ఇది?” అన్నాను, ఆడబుద్ధి కదా.

“వంద చదరపు అడుగులు అత్తయ్యగారూ” అన్నారు.

నేను మనసులో లెక్కేసుకున్నాను. మన చీర అయిదున్నర మీటర్లు, పన్నా మీటరు పైచిల్లర. అంటే అరవై ఎనిమిది చదరపు అడుగులు. ఒకటిన్నర చీరని కుచ్చిళ్ళు పోసి ఆ చెయ్యంత గొట్టానికి చుట్టేశారన్నమాట! గుడ్డ ఎంత ఎక్కువుంటే మురికి పట్టడానికి అంత చోటు. కిటుకంతా కుచ్చిళ్ళలోనే ఉంది.

కాస్సేపు అక్కడే కూర్చుని ఆయన చేత పాఠం చెప్పించుకున్నాను. పంపు దగ్గర ఒత్తిడి చూపే గడియారం లాంటిది ఉంటుంది. కడిగిన రోజున ముల్లు ఎక్కడుందో గుర్తు పెట్టుకుని, అక్కణ్ణుంచి ఎనిమిదో పదో పౌన్లు పెరిగిందంటే గుడ్డ నిండిపోయిందని అర్థం. అప్పుడు తీసి కడగాలి. గట్టి ధారతో కొడితే పోగులు విచ్చిపోతాయి కనుక మామూలు ధారే వాడాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు సబ్బు కలిపిన నీళ్ళలో రాత్రంతా నానెయ్యాలి. ఒంటి జిడ్డు, ఎండకి రాసుకునే క్రీముల జిడ్డు అప్పుడు వదులుతుంది. అక్కడి నీళ్ళలో సున్నం ఎక్కువ, తెల్లగా పట్టేస్తుంది. అది పోవాలంటే పల్చటి ఆసిడ్ వాడాలి. అయితే జిడ్డు పోగొట్టకుండా ముందే ఆసిడ్‌లో ముంచితే ఆ జిడ్డు గుడ్డలోనే బిగిసిపోయి కార్ట్రిడ్జి పాడవుతుందట. ఇది నాకు ఇట్టే అర్థమయింది. నూనె మూకుడుకి ముందే చింతపండు పెట్టే ఇల్లాలు ఎక్కడైనా ఉందా?

“ఇంకో విచిత్రం అత్తయ్యగారూ, కొత్తగా కడిగిన రోజున ఇది అంత బాగా వడగట్టదు. కాస్త మురికి పట్టాకే సన్నటి దుమ్ము కూడా ఆగుతుంది” అన్నారు.

ఆ మాట దగ్గర నా కాఫీ చల్లారిపోయింది. ఎందుకంటే ఆ మాట నేను చిన్నప్పుడు మా నాయనమ్మ నోట విన్నాను.

మేమప్పుడు కృష్ణా డెల్టాలో కాలవ ఒడ్డున ఓ చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. నాయనమ్మకి మడి. తన ఇత్తడి బిందె మూతికి తెల్ల నేతచీర ముక్కని నాలుగు మడతలు వేసి కట్టి, దాంట్లోంచి కాలవనీళ్ళు వడబోసుకునేది. వరదరోజుల్లో నీళ్ళు మరీ బురదగా వస్తే చిల్లగింజని గంధంలా అరగదీసి బిందెలో కలిపేది. గంటలో మడ్డంతా అడుక్కి దిగి పైన తేట మిగిలేది. ఆ గింజ సంగతి సుశ్రుతుడి కాలం నాటి వైద్యానికీ తెలుసు. గుడ్డ విషయంలో మటుకు నాయనమ్మకి ఓ పట్టుదల ఉండేది. కొత్త గుడ్డ పనికిరాదు. ఉతికి ఉతికి మెత్తబడ్డదే కావాలి. “కొత్తది ఊరికే పోనిస్తుందే, పాతదే పట్టుకుంటుంది” అనేది. ముసలావిడ చాదస్తమని మేం నవ్వుకునేవాళ్ళం.

మా అమ్మది మటుకు నవనాగరికం. ఆవిడ పట్టుబట్టి నాన్నగారి చేత స్టీలు ఫిల్టరు కొనిపించింది. మీలో చాలామంది ఇళ్ళలో ఉండే ఉంటుంది. ఒకదానిమీద ఒకటి రెండు డబ్బాలు, పై డబ్బాలో తెల్లటి కాండిళ్ళు రెండు, కింది డబ్బాకి కుళాయి. ఆదివారం కాండిల్ కడిగే రోజు. అడుగున రెక్కల నట్టు విప్పి, కాండిళ్ళు జాగ్రత్తగా బయటికి తీసి, పారే నీళ్ళకింద మెత్తటి బ్రష్షుతో తోమడం నా వంతు. సబ్బు తగలకూడదు. కిందపడితే వీపు విమానం మోతే. గోధుమరంగు జిగురు పోయి లోపలి తెలుపు బయటపడుతుంటే భలే సరదాగా ఉండేది. తరవాత అమ్మ వాటిని గిన్నెలో వేసి మరిగించి, ఆరబెట్టి మళ్ళీ బిగించేది.

1972 వేసవిలో మా పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, పురిటికి మా ఇంటికి వచ్చింది. అమ్మమ్మ పోయాక పిన్నికి పుట్టిల్లంటే మా ఇల్లే. వచ్చేపోయే చుట్టాలతో ఇల్లు తిరునాళ్ళలా ఉండేది. ఆ హడావుడిలో రెండు ఆదివారాలు కాండిళ్ళు కడగలేదు. మూడో వారం పిన్నికి జ్వరం, వాంతులు. కళ్ళు పసుపుపచ్చగా మారాయి. పచ్చకామెర్లన్నారు. ఎనిమిదో నెల. ఆస్పత్రిలో చేర్చిన నాలుగోరోజుకి పిన్నీ లేదు, బిడ్డా లేదు.

పన్నెండోనాడు అందరూ వెళ్ళిపోయాక నాయనమ్మ ఒకే ఒక్క మాట అంది. “ఆ ఫిల్టరు కడిగి ఎన్నాళ్ళయిందే?”

అమ్మ జవాబు చెప్పలేదు. మర్నాడు ఫిల్టరుని అటకెక్కించింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో తాగే నీళ్ళంటే గుండిగలో తెర్లకాగిన నీళ్ళే. ఎండాకాలం, వానాకాలం, ఇంట్లో పెళ్ళైనా, గ్యాసు అయిపోయినా సరే, ఆ గుండిగ పొయ్యెక్కాల్సిందే.

నేను పెద్దయి హైస్కూల్లో సైన్సు చెప్పే ఉద్యోగంలో చేరాను. పాఠం కోసం చదివేదాన్ని కానీ, ఆ చదువులో సగం మా ఇంటి అటకమీది ఫిల్టరు గురించే.

దాని కథ చెప్తాను వినండి. లండన్‌లో ఇసకలోంచి నీళ్ళు వడగట్టి జనానికి ఇవ్వడం 1829లో మొదలయింది. జేమ్స్ సింప్సన్ అనే ఇంజనీరు చెల్సీ నీటి కంపెనీకి పెద్ద పెద్ద ఇసక మళ్ళు కట్టాడు. అప్పటికి రోగాలకి క్రిములు కారణమని ఎవరికీ తెలీదు, నీళ్ళు తేటగా కనబడితే చాలనుకున్నారు. తీరా చూస్తే ఆ ఇసకమీద కొన్నాళ్ళకి జిగురుగా ఓ పొర కడుతుంది. అసలు పని చేసేది ఆ పొరే. జర్మనీ వాళ్ళు దానికి పెట్టిన పేరుకి అర్థం మురికి దుప్పటి. ఆ దుప్పటి మరీ మందమైతే నీళ్ళు దిగవు, కనుక అప్పుడప్పుడు పైపొర గీకెయ్యాలి. గీకితే మళ్ళీ పొర కట్టేదాకా క్రిములు సరిగ్గా ఆగవు. మా అల్లుడుగారి కార్ట్రిడ్జి చెప్పిన సంగతీ, నాయనమ్మ పాత గుడ్డ చెప్పిన సంగతీ ఇంచుమించు ఇదే.

ఈ గీకడం ఎంత ప్రాణాంతకమో ఆల్టోనా వాళ్ళనడగాలి. జర్మనీలో ఎల్బ్ నది ఒడ్డున హాంబర్గ్, ఆల్టోనా అని పక్కపక్కనే రెండు ఊళ్ళు ఉండేవి. మధ్యలో సరిహద్దు ఓ వీధి, అంతే. ధనవంతుల ఊరు హాంబర్గ్ ఎగువన నీళ్ళు తోడుకునేది, వడగట్టేది కాదు. ఖర్చు గురించి ఏళ్ళ తరబడి వాదించుకుని, చివరికి వడపోత కట్టడం మొదలుపెట్టారు గానీ అది ఇంకా పూర్తికాలేదు. ఆల్టోనా వాళ్ళ గతి ఇంకా అన్యాయం. హాంబర్గ్ మురుగంతా కలిశాక దిగువన ఆ నీళ్ళే తోడుకోవాలి. కాకపోతే వాళ్ళు 1859 నుంచీ ఇసకలో వడగట్టుకుంటున్నారు.

1892 ఆగస్టులో కలరా వచ్చింది. హాంబర్గ్‌లో కొద్దివారాల్లోనే 8,600 మంది దాకా పోయారు. ఆల్టోనాలో పెద్దగా ఏమీ లేదు. వీధికి ఈ పక్క శవాల బళ్ళు, ఆ పక్క మామూలు సంసారాలు. హాంబర్గ్ వైపునే ఉండి కూడా ఆల్టోనా కుళాయి నీళ్ళు తాగే వాడ ఒకటుంటే, ఆ వాడ జోలికి కలరా రాలేదు. కలరా క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కోఖ్ ఇదంతా స్వయంగా చూసి రాశాడు. కలరాకి నీళ్ళు కారణం కాదు, నేలలోంచి లేచే దుర్వాయువే కారణమనే పెద్దల వాదం దాంతో బలహీనపడింది.

అంతా బాగుందనుకుంటే ఆ చలికాలంలోనే, 1893 మొదట్లో, ఆల్టోనాలోనూ కలరా తలెత్తింది. కారణం వెతికితే ఏం తేలిందో తెలుసా? మురికిపొర గీకి శుభ్రం చేసిన ఇసక మడి చలికి గడ్డకట్టింది. దాంట్లోంచి నీళ్ళు సరిగ్గా వడబడకుండానే ఊళ్ళోకి పోయాయి. వేసవంతా ఊరిని కాపాడిన వడపోతే కడిగిన రోజున కొంప ముంచింది. ఇది చదివిన రోజు నేను పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను. కడగనందుకు మా అమ్మ కుమిలిపోతోంది, అక్కడేమో కడిగినందుకు!

ఇక కాండిల్. దాన్ని 1884లో పారిస్‌లో పాశ్చర్ గారి శిష్యుడు షాంబర్లాన్ తయారుచేశాడు. మెరుగు పెట్టని పింగాణీ గొట్టం అది. నీళ్ళు బయటినుంచి లోపలికి ఊరతాయి, క్రిములు బయటే ఆగుతాయి. మురికి పైనే ఉండిపోతుంది కనుక మన చేతికి అందుతుంది, కడగడం తేలిక. కార్ట్రిడ్జిదీ అదే ఏర్పాటు. ఫ్రెంచి వాళ్ళు దాన్ని వాళ్ళ భాషలో కొవ్వొత్తి అన్నారు. మనం వెలిగించని ఆ వస్తువుని కాండిల్ అని పిలవడం అక్కణ్ణుంచే వచ్చింది. అన్నట్టు ఆస్పత్రుల్లో పనిముట్లని ఆవిరితో ఉడికించే ఆటోక్లేవు కూడా ఈయనదే, 1879 నాటిది. మన ప్రెషర్ కుక్కరుకి దాయాది.

కాండిల్‌ని కడగకుండా వదిలేస్తే బయట ఆగిన క్రిములు కొద్దిరోజుల్లో ఆ సన్నటి రంధ్రాల్లోనే పిల్లలు పెట్టుకుంటూ లోపలిగోడ దాకా పాకేస్తాయి. అందుకే తోమడంతో సరిపోదు, మరిగించడమో కాల్చడమో చెయ్యాలి. ఈ సంగతి చదివినప్పుడు నా గుండెల్లో రాయి పడింది. నాయనమ్మ అన్నమాట నిజమేనా?

అప్పుడే ఇంకో కథ దొరికింది. 1892లో, హాంబర్గ్‌లో కలరా వచ్చిన ఏడే, రష్యాలో ఇవనోవ్‌స్కీ అనే ఆయన తెగులు పట్టిన పొగాకు ఆకులు నూరి, ఆ రసాన్ని షాంబర్లాన్ కాండిల్‌లో వడగట్టాడు. క్రిములన్నీ ఆగిపోవాలి కదా? అయినా ఆ తేట రసం పూస్తే మంచి ఆకులకి తెగులు వచ్చింది. కాండిల్ పగిలిందేమోనని కూడా అనుమానించాడట పాపం. 1898లో హాలండులో బైయరింక్ అదే పరీక్ష చేసి, ఇది క్రిమి కాదు, వేరే జాతిదని తేల్చి దానికి వైరస్ అనే పేరు పెట్టాడు. మన గుంటూరు పొగాకు రైతులు ఎరిగిన మొజాయిక్ తెగులే అది. అంటే వైరస్ అనేదాన్ని మొదట్లో మనిషి గుర్తుపట్టిందే కాండిల్ ఆపలేకపోయిన వస్తువుగా!

పచ్చకామెర్లు తెచ్చేవీ వైరస్‌లే.

ఢిల్లీ సంగతి చెప్తే మీకింకా బోధపడుతుంది. 1955 వానల తరవాత యమున పాయ పక్కకి జరిగి, నజఫ్‌గఢ్ మురుగుకాలవ నీళ్ళు వెనక్కి తన్ని, వజీరాబాద్ దగ్గర ఊరికి నీళ్ళు తోడే చోట కలిశాయి. అక్కడివాళ్ళు చూస్తూ ఊరుకోలేదు. ఇసకలో వడగట్టారు, క్లోరిన్ పెంచారు. టైఫాయిడ్ పెరగలేదు, విరేచనాలు పెరగలేదు. కానీ ఆ డిసెంబరు, జనవరి నెలల్లో సుమారు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. క్రిములన్నీ ఆగాయి, అది మటుకు దాటింది. కడుపుతో ఉన్నవాళ్ళలో చావులు ఎక్కువ.

దాని పేరు చాలాకాలం ఎవరికీ తెలీదు. దాచిపెట్టిన రక్తం నమూనాలు 1980లో మళ్ళీ పరీక్షిస్తే, అప్పటికి తెలిసిన కామెర్ల వైరస్‌లలో ఏదీ కాదని తేలింది. 1983లో బలయాన్ అనే సోవియట్ శాస్త్రజ్ఞుడు రోగుల మలం నుంచి తీసిన ద్రవాన్ని తానే తాగి, కామెర్లు తెచ్చుకుని, తన మలంలోనే ఆ వైరస్‌ని మైక్రోస్కోపు కింద చూశాడు! చదువుతుంటే నాకు వాంతొచ్చినంత పనయింది గానీ, చేతులెత్తి దణ్ణం పెట్టాలనీ అనిపించింది. ఇప్పుడు దాన్ని హెపటైటిస్ ఇ అంటున్నారు. మామూలు మనుషులని చాలావరకు వదిలేస్తుంది. నిండు నెలల గర్భిణుల మీద పగబడుతుంది.

నాయనమ్మ గుడ్డ సంగతి మధ్యలో వదిలేశాను, ఆవిడ ఊరుకోదు. రీటా కోల్వెల్ అని అమెరికాలో పెద్ద శాస్త్రజ్ఞురాలు. బంగ్లాదేశ్‌లో కలరా గురించి ఏళ్ళ తరబడి శోధించింది. కలరా క్రిమి గుడ్డలోంచి సులువుగా దూరిపోయేంత చిన్నది. కానీ చెరువునీళ్ళలో అది ఒంటరిగా తిరగదు, కంటికి కనీకనపడని నీటిపురుగులని అంటిపెట్టుకుని ఉంటుంది. రౌతు దూరే సందులో గుర్రం దూరలేదు కదా? గుర్రాన్ని ఆపితే చాలుననుకుంది ఆవిడ. గుడ్డలు రకరకాలుగా పరీక్షిస్తే పాత నూలు చీర నెగ్గింది. ఉతికి ఉతికి పోగులు విచ్చుకుని, రంధ్రాలు చిన్నవవుతాయట. మతలబ్ ప్రాంతంలో 65 పల్లెల్లో, లక్షా ముప్ఫయ్ మూడు వేల మంది మధ్య చేసిన ప్రయోగమిది. చీరని నాలుగుసార్లు మడతపెట్టి, కుండ మూతికి కట్టి వడబోసుకోమన్నారు. వడగట్టాక గుడ్డని జాడించి ఎండలో ఆరెయ్యమన్నారు. 2003లో ఫలితాలు అచ్చయ్యాయి. కలరా నూటికి 48 వంతులు తగ్గింది. అయిదేళ్ళ తరవాత వెళ్ళి చూస్తే, ఎవరూ చెప్పకపోయినా నూటికి 31 మంది ఆడవాళ్ళు ఇంకా నీళ్ళు వడబోస్తూనే ఉన్నారట. చుట్టుపక్కల ఇళ్ళల్లో వడబోసేవాళ్ళుంటే, వడబోయని ఇంటికి కూడా కాస్త రక్షణ ఉందట.

ఆ వార్త వచ్చేసరికి నాయనమ్మ పోయి చాలా ఏళ్ళయింది. అమ్మ ఉంది. డెబ్భై దాటింది. వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతోంది. చీర ముక్క కథ చెప్తే నవ్వింది. ఆ ఊపులో, ఎన్నేళ్ళుగానో గొంతులో ఉన్న మాట అనేశాను.

“అమ్మా, పిన్నిది... ఆ కామెర్లు ఉన్నాయి చూశావూ, ఆ జాతి వైరస్ కాండిల్‌లోంచి కూడా దూరిపోతుందిట. నువ్వు రోజూ కడిగినా ఆగేది కాదు.”

అమ్మ చెయ్యి ఆగింది. కత్తిపీట మీద బెండకాయ అలాగే ఉంది.

“మరి కాస్తే?” అంది.

అబద్ధం చెబుదామనుకున్నాను. చెప్పలేకపోయాను. “కాస్తే చచ్చేది.”

“ఊఁ. అదే అనుకున్నాను” అంది. మళ్ళీ తరగడం మొదలెట్టింది. నాలుగు కాయలయ్యాక తలెత్తకుండానే, “అయితే కాండిల్ కడక్కపోవడం వల్ల కాదన్నమాట. మీ నాయనమ్మ ఉండుంటే బావుండేదే, వినేది” అంది.

ఆ సాయంత్రం కూడా గుండిగ పొయ్యి మీదే ఉంది.

ఆస్టిన్‌లో మా అల్లుడుగారు కార్ట్రిడ్జిని ఎండలో నిలబెట్టి లోపలికి వెళ్ళారు. ఒక వైపు రెండు కుచ్చిళ్ళు అతుక్కుపోయి, మధ్యలో ఆకు ముక్క ఇరుక్కుని ఉంది. కాఫీ గ్లాసు గట్టుమీద పెట్టి, నేనే వేలితో విడదీసి తీసేశాను.